చిక్కి సగమైపోయావే!

2009 ఎండాకాలం. డాలస్‌లో బయల్దేరి, రెండు విమానాలు మారి, హైదరాబాదులో దిగి, రైల్లో తెనాలి చేరి, అక్కణ్ణించి ఆటోలో మా ఊరు వెళ్ళేసరికి అమ్మ దిష్టి నీళ్ళ పళ్ళెంతో వాకిట్లోనే నిలబడి ఉంది. ఆటో ఇంకా ఆగనేలేదు, "అయ్యో అయ్యో, ఇదేం ఖర్మే తల్లీ, చిక్కి సగమైపోయావు!" అని గొంతెత్తింది.

నా బరువెంతో ఇక్కడ రాయడం భావ్యం కాదు గానీ, ఆ ప్రయాణానికి ముందు నా జాకెట్లన్నిటికీ కుట్లు విప్పుకుని మరీ వెళ్ళానని మాత్రం చెప్పగలను.

ఆ రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నాం. మావాడికి అప్పుడు పదేళ్ళు. కాగితం, పెన్సిలు పట్టుకుని నా పక్కన చేరాడు.

"అమ్మా, అమెరికా వెళ్ళాక నువ్వు ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చావు?"

"1995లో వెళ్ళాను. ఇది ఏడోసారి."

"ప్రతిసారీ అమ్మమ్మ సగమైపోయావనే అంటుందా?"

"ప్రతిసారీ అదే మాట."

"సరే, మొదట నువ్వు 64 కిలోలు అనుకుందాం, లెక్క ఈజీగా ఉంటుంది. మొదటిసారి 32. తర్వాత 16. తర్వాత 8, 4, 2, 1. ఇప్పుడు ఏడోసారి కదా, నువ్వు అరకిలో ఉండాలి."

డాబా మీద అందరం పడీపడీ నవ్వాం. మా అన్నయ్యకైతే పొలమారింది. ఆ నవ్వులు సద్దుమణిగాక వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ మెల్లిగా, "అయితే అమ్మమ్మ అబద్ధాలు చెప్తుందన్నమాట" అన్నాడు.

అందరూ నిద్రపోయాక అమ్మ నా పక్కకి వచ్చి కూర్చుంది. "వాడు నన్ను అబద్ధాలకోరు అనుకుంటున్నాడటే?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. ఏడు సముద్రాల అవతల పెరుగుతున్న మనవడు రెండేళ్ళకోసారి, నెల్లాళ్ళు కనిపిస్తాడు. ఆ కాస్త సమయంలో వాడు తన గురించి నేర్చుకున్నది ఇదా అని ఆవిడ బాధ. (ఏడు సముద్రాలు అన్నాను చూశారా? మావాడు పక్కనుంటే లెక్కపెట్టేవాడు.)

ఆ రాత్రి అమ్మకి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత మాత్రం మన మాటల్ని శ్రద్ధగా వినడం మొదలుపెట్టాను.

రోజుకి ఎన్నిసార్లు?

ఒక్కరోజు మన ఇళ్ళలో దొర్లే మాటల్ని గమనించి చూడండి. పొద్దున్నే "బారెడు పొద్దెక్కింది, ఇంకా లేవ్వా?" అంటాం. "లక్షసార్లు చెప్పాను, తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని" అంటాం. మధ్యాహ్నానికి "కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి." సాయంత్రానికి "బండెడు చాకిరీ, నడుం విరిగిపోయింది." అసోసియేషన్ వారి ఉగాది సంబరాలకి వెళ్ళొస్తే "ఇసుక వేస్తే రాలనంత జనం." అక్కడ నాటిక చూస్తే "నవ్వలేక చచ్చామనుకో." ఫోనులో స్నేహితురాలికి "ఐదు నిమిషాల్లో నీ ముందుంటా." ఆ ఐదు నిమిషాల సంగతి మీకు నేను చెప్పాలా?

ఇందులో ఒక్కటీ నిజం కాదు. అలాగని ఒక్కటీ అబద్ధమూ కాదు. బారెడు అంటే రెండు చేతులూ బార్లా చాపితే వచ్చే పొడవు. సూర్యుణ్ణి అలా కొలిచిన వాళ్ళెవరూ లేరు. అయినా "బారెడు పొద్దెక్కింది" అనగానే మనకి టైము ఎంతయిందో తెలియకపోయినా, అమ్మకి ఎంత విసుగొచ్చిందో ఠక్కున తెలిసిపోతుంది.

నాకు ముచ్చటగా అనిపించినదేమిటంటే, మన వాళ్ళు అతిశయోక్తికి కూడా ఇంట్లో ఉన్న కొలతలే వాడారు. పుట్టెడు దుఃఖం అంటాం. పుట్టి అంటే ధాన్యం కొలత, 20 తూములు. పంట ఇంటికొచ్చినప్పుడు సంతోషాన్ని కొలిచిన కొలతతోనే దుఃఖాన్నీ కొలిచారు. ఆశని గంపతో కొలిచారు కాబట్టి అది గంపెడాశ. చాకిరీని బండికెత్తారు. సంతోషమొస్తే మొహం చేటంత అవుతుంది. పొట్ట మాత్రం ఎప్పుడూ జానెడే. తప్పు చేసి ఒప్పుకోవాల్సి వస్తే అది ఆవగింజంత. పొలం, గాదె, వంటిల్లు, ఈ మూడింట్లో ఉన్న సామానంతా మన భావాలని తూచడానికి పనికొచ్చింది.

గిద్ద, సోల, మానిక, కుంచం ఇప్పుడు మన ఊళ్ళలో కూడా ఎవరూ వాడటం లేదు. పుట్టెడు ధాన్యం కళ్ళారా చూసిన వాళ్ళు తగ్గిపోయారు. పుట్టెడు దుఃఖం మాత్రం మిగిలింది.

దండి గారి మాట

చిన్నప్పుడు బళ్ళో అలంకారాల పాఠం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పడం అతిశయోక్తి. ఉన్నది ఉన్నట్టు కళ్ళకి కట్టేలా చెప్పడం స్వభావోక్తి. పరీక్షలో రెండు మార్కులకి చదివి మర్చిపోయిన సంగతి ఇది.

ఈ రెండింటి గురించీ దండి కావ్యాదర్శంలో చెప్పిన మాట ఒకటుంది. దండి సుమారు 1300 ఏళ్ళ కిందట కంచిలో ఉన్న సంస్కృత కవి, అలంకారికుడు. ఆయన దశకుమారచరితాన్ని 13వ శతాబ్దంలో కేతన తెనిగించి అభినవదండి అనిపించుకున్నాడు కాబట్టి మనకి కాస్త చుట్టరికం ఉన్నట్టే. అలంకారాల్లో మొదటిది స్వభావోక్తి అంటాడు దండి. అన్నిటిలో ఉత్తమమైనది మాత్రం అతిశయోక్తి అంటాడు. ఒక వస్తువులోని విశేషాన్ని లోకపు హద్దు దాటించి చెప్పాలన్న కోరికే అతిశయోక్తి అని ఆయన లక్షణం చెప్పాడు.

చెప్పాలన్న కోరిక! మా అమ్మ చేసింది సరిగ్గా ఇదే కదా. రెండేళ్ళు నన్ను చూడకుండా గడిపిన బెంగ చెప్పాలని ఆవిడ కోరిక. దానికి సరిపోయే తూకం లోకంలో లేదు. అందుకని నా బరువులో సగం తీసేసింది.

ఇంగ్లీషులో దీన్నే హైపర్‌బోలీ అంటారని మావాడికి బళ్ళో చెప్పారు. అది గ్రీకు మాట. హద్దు దాటించి విసరడం అని దాని అసలు అర్థం. కంచిలో ఒకరు, గ్రీసులో మరొకరు, ఒకరికొకరు తెలియకుండానే హద్దు దాటడం అన్న ఊహనే పట్టుకున్నారు.

బడి నుంచి ఫోను

మరి పిల్లలకి ఇబ్బంది ఎక్కడొస్తోంది? నాకు బోధపడిన సంఘటన ఒకటి చెప్తాను.

2006లో మావాడు రెండో తరగతిలో ఉండగా కొత్త కోటు బళ్ళో పోగొట్టుకున్నాడు. ఏడుపు మొహంతో కూర్చుంటే టీచరు పిలిచి సంగతేమిటని అడిగింది. "మా అమ్మ నా తోలు వలిచేస్తుంది" అన్నాడు, ఇంగ్లీషులో, పదానికి పదం పెట్టి. అరగంటలో నాకు ఫోను. ఆ ఫోను పెట్టేసేలోగా నాకు పట్టిన చెమటలు బిందెలతో తోడొచ్చు. తెలుగు తల్లులు తోలు వలవరని, అది కోపానికి కొలత మాత్రమేనని ఇంగ్లీషులో వివరించడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి.

ఆ మర్నాడు బడి గేటు దగ్గర వేరే పిల్లవాడు "ఈ మార్కులు చూస్తే మామ్ నన్ను చంపేస్తుంది" అని అరుస్తూ పరిగెత్తాడు. ఆ తల్లికి ఎవరూ ఫోను చెయ్యలేదు. ఎందుకంటే ఆ అతిశయోక్తి ఆ ఊరిది. అలవాటైన అతిశయోక్తి ఎవరి చెవికీ తగలదు. అలవాటు లేనిది మాత్రం అక్షరాలా వినబడుతుంది. మన పిల్లలకి తెలుగు వచ్చు, అన్నం, నీళ్ళు, రా, పో అన్నీ వచ్చు. మాట వెనక ఉన్న ఈ తూకపు రాళ్ళు మాత్రం మనం వాళ్ళ చేతిలో పెట్టలేదు.

ఇది తెలిశాక ఒకరోజు మావాడు బడి నుంచి వచ్చి సంచీ విసిరేసి, "అమ్మా, ఇవాళ టన్ను హోంవర్క్ ఉంది" అన్నాడు. నేను వంటింట్లోంచి తూకం మిషను తెచ్చి బల్ల మీద పెట్టాను. "ఏదీ, తూద్దాం పట్టు" అన్నాను. వాడు నన్నూ, మిషన్నీ మార్చిమార్చి చూశాడు. తర్వాత మొహం చేటంత చేసుకుని, "ఓ! అమ్మమ్మ సగం కూడా ఇలాంటిదేనా?" అన్నాడు.

వాడి టన్ను, మా అమ్మ బండెడు ఒకటేనని ఆ రోజు ఇద్దరికీ తేలింది.

కోతలకీ దీనికీ తేడా

అయితే ఎంతైనా పెంచి చెప్పొచ్చా, అది అబద్ధం కాదా అని మీ పిల్లలు అడగొచ్చు. మావాడూ అడిగాడు. అప్పుడు వాడికి తుపాకి రాముడి గురించి చెప్పాను.

నా చిన్నప్పుడు పంటలు ఇంటికొచ్చే రోజుల్లో మా ఊరికి తుపాకి రాముడు వచ్చేవాడు. తెలంగాణలో పిట్టలదొర అంటారు. ఖాకీ బట్టలు, తల మీద టోపీ, భుజాన కొయ్య తుపాకి. అరుగు ముందు నిలబడి, తన దివాణంలో వాకిలి ఊడవడానికి నూరుమంది, ఊడ్చారో లేదో చూడటానికి రెండు నూర్లమంది ఉన్నారని ఊపిరి తిప్పుకోకుండా చెప్పేవాడు. ఇంతా చెప్పి, చివర్లో దోసెడు బియ్యం పెట్టమని చెయ్యి చాపేవాడు. పిల్లలం విరగబడి నవ్వేవాళ్ళం. ఆయన చెప్పేది నిజం కాదని ఆయనకి తెలుసు, మాకు తెలుసు, మాకు తెలుసన్న సంగతి ఆయనకీ తెలుసు. అందుకే అది కళ అయింది.

కోతలరాయుడు వేరు. వాడు పెంచి చెప్పింది మనం నమ్మాలని చూస్తాడు. మనం నమ్మితే వాడికి లాభం. చెప్పేవాడికీ వినేవాడికీ ఇద్దరికీ గుట్టు తెలిస్తే అది అతిశయోక్తి, ఒక్కడికే తెలిస్తే అది కోత. నేను పిల్లలకి చెప్పే తేడా ఇంతే. ఈ లెక్కన, మన సభల్లో వేదిక మీద చేసే పరిచయాలు ఏ కోవలోకి వస్తాయో పాఠకులే తేల్చుకోగలరు!

ఇంకో మాట కూడా చెప్పాలి. తోలు వలిచేస్తా అంటే పిల్లలు ఒకనాటికి అర్థం చేసుకుంటారు, ఎందుకంటే అది జరగదని వాళ్ళకి తెలుసు. "నువ్వెప్పుడూ ఇంతే", "నీకేదీ చేతకాదు", "అందరి పిల్లలూ చదువుతున్నారు, నువ్వు తప్ప" అన్నవీ అతిశయోక్తులే. వీటిలో గంప లేదు, పుట్టి లేదు, ఎలుకలు లేవు. చూడటానికి మామూలు మాటల్లా ఉంటాయి. అందుకే పిల్లలు వాటిని నిజమని నమ్మేస్తారు. నేనూ ఇలాంటివి అన్నాను. అనకుండా ఉండాల్సింది. కోపమొస్తే ఆ లక్షసార్లే నయం.

చచ్చిపోని ఆదివారం

తెనాలి నుంచి తిరిగొచ్చాక మావాడికి కొత్త ఆట దొరికింది. ఆదివారం పొద్దున మేం స్పీకరులో అమ్మకి ఫోను చేసేవాళ్ళం. అక్కడ రాత్రి భోజనాల వేళ. అమ్మ "ఈ మోకాళ్ళ నొప్పులతో చచ్చిపోతున్నానే" అనగానే వాడు కాగితం మీద ఒక గీత గీసేవాడు. "దోమలు తోడేస్తున్నాయి", "కరెంటు లేక ప్రాణం పోతోంది" అన్నిటికీ గీతలే. ఫోను పెట్టేశాక "ఇవాళ నాలుగు" అని లెక్క చెప్పేవాడు. ఈ సంగతి అమ్మకి తెలిసి, వాడి కోసమే ఒకటో రెండో ఎక్కువ వేసేది. అమ్మమ్మకీ మనవడికీ మధ్య గుట్టు కుదిరింది.

2010 నవంబరులో ఒక ఆదివారం ఫోను చేశాం. "ఎలా ఉన్నావమ్మా?" అన్నాను.

"బాగానే ఉన్నానే. కాస్త నలతగా ఉంది, అంతే. పిల్లాడు తిన్నాడా?" అంది.

ఆ వారం నాకు ఆఫీసులో తల తిరిగే పని. హమ్మయ్య, ఇవాళ సణుగుడు లేదనుకుని రెండు నిమిషాల్లో ఫోను పెట్టేశాను. మావాడు పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "అమ్మా, అమ్మమ్మ ఇవాళ ఒక్కసారి కూడా చచ్చిపోలేదేంటి?" అని అడిగాడు. నేను నవ్వి, లేచి వెళ్ళిపోయాను.

మంగళవారం అన్నయ్య ఫోను చేశాడు. అమ్మని గుంటూరులో ఆస్పత్రిలో చేర్చారు. గుండెపోటు వచ్చి అప్పటికే రెండు మూడు రోజులై ఉంటుందన్నారట డాక్టర్లు. ఆయాసం, ఒళ్ళంతా నీరసం, వికారం. ఆడవాళ్ళకి గుండెపోటు ఒక్కోసారి ఇలా కూడా వస్తుందని, ఛాతీలో నొప్పే రానక్కర్లేదని నాకు అప్పుడే తెలిసింది. ఆదివారం రాత్రి నాతో మాట్లాడినప్పుడు ఆవిడ గోడకి చేరబడి, ఊపిరి అందక కూర్చుని ఉందట. నాతో చెప్పింది మాత్రం "కాస్త నలత".

విమానంలో కూర్చున్నంతసేపూ ఇదే ఆలోచన. మన పెద్దవాళ్ళు చిన్న నొప్పిని పుట్టెడు చేస్తారు, పెద్ద నొప్పిని చిటికెడు చేస్తారు. పదహారు రకాలు వండి "ఏదో రెండు మెతుకులు తిని వెళ్ళండి" అంటారు. దోమ కుడితే ప్రాణం పోయిందంటారు, ప్రాణం మీదికొస్తే నలత అంటారు. అతిశయోక్తి వినబడుతున్నంతకాలం వాళ్ళకి మనతో ఆడుకునే ఓపిక ఉందన్నమాట. నేను అన్నేళ్ళుగా అమ్మ చెప్పిన ప్రతిదాన్నీ పదితో భాగించడం అలవాటు చేసుకున్నాను. గుణించాల్సిన రోజు వచ్చినప్పుడు పోల్చుకోలేకపోయాను. పదకొండేళ్ళ పిల్లవాడు పోల్చుకున్నాడు, ఎందుకంటే వాడు విన్నాడు.

ఆస్పత్రికి చేరేసరికి అమ్మకి కాస్త తెలివి వచ్చింది. మంచం పక్కన నిలబడ్డాను. కళ్ళు తెరిచి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. పెదాలు కదిలాయి. వంగి చెవి ఒగ్గాను.

"చిక్కి సగమైపోయావే" అంది.

అక్కడే కూలబడి నవ్వానో, ఏడ్చానో నాకే తెలియదు. వరండాలోకి వచ్చి ఇంటికి ఫోను చేసి మావాడికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నువ్విప్పుడు పావుకిలో. అమ్మమ్మకి తగ్గిపోతుందిలే అమ్మా" అన్నాడు.

తగ్గింది. ఆ తర్వాత మా అమ్మ ప్రతి ఆదివారం "చచ్చిపోతున్నానే" అంటూ మరో పన్నెండేళ్ళు బతికింది.

మీ ఇంట్లో ఒక ఆట

పిల్లలూ, మీకొక ఆట చెప్తాను. ఈసారి అమ్మమ్మతోనో, నాయనమ్మతోనో, తాతయ్యతోనో మాట్లాడేటప్పుడు మావాడిలాగే కాగితం దగ్గర పెట్టుకోండి. బారెడు, గంపెడు, బండెడు, పుట్టెడు, కొండంత, చేటంత, ఇలాంటివి ఎన్ని వినబడితే అన్ని గీతలు గియ్యండి. ఒక్కొక్కటీ దేనితో కొలిచారో వాళ్ళనే అడగండి. వాళ్ళు చెప్పడానికి వెయ్యి కళ్ళతో ఎదురుచూస్తూ ఉంటారు. గీతలు బొత్తిగా తగ్గిన రోజు మీ అమ్మానాన్నలకి చెప్పండి.

పెద్దలకి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఫోనులో పెద్దవాళ్ళ గోల విసుగనిపించినప్పుడు విసుక్కోకండి, సంతోషించండి. ఆ గోల ఆగి, "బాగానే ఉన్నాం" అన్న మాట వినబడినప్పుడు ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి.

మావాడు ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆదివారాలు ఫోను చేసి, "అమ్మా, పని చంపేస్తోంది, ఆకలితో చచ్చిపోతున్నా, నిద్రపోయి వెయ్యేళ్ళయింది" అంటాడు. నేను హాయిగా వింటూ కూర్చుంటాను. ఏ ఆదివారమైనా "బాగానే ఉన్నానమ్మా" అని ఊరుకున్నాడో, ఆ పూటే కారు తీస్తాను.